మా ఇల్లు దాటిపోయిన లాంతరు

మా లంక పాత రోజుల గురించి తెలుసుకోవాలని ఏలూరు నుంచి మనుషులు వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లందరినీ పడమటింటి అరుగు మీద కూర్చోబెడతారు. పక్షుల గురించి, వరదల గురించి, ఒక్క మాట మీద నిలబడిన ఊరి గురించి చెబుతారు. వాళ్లు తలలూపుతూ విని, సాయంత్రం దోనె ఎక్కి వెళ్లిపోతారు. ఆ అరుగుకీ మా గుమ్మానికీ మధ్య ఒక్క వెదురుదడి అడ్డం. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఆ దడి ఇవతలికి వచ్చి, "ఏవండీ, మీరేమైనా చెబుతారా?" అని నన్ను అడిగిన పాపాన పోలేదు. ఇక అడగరని తేలిపోయింది కనుక నేనే రాస్తున్నాను.

ఊరు ఒక్క మాట మీద నిలబడిందన్నది నిజమే. ఆ మాటలో మా ఇల్లు లేదు. అది మాత్రం ఎవరూ చెప్పరు.

మాది కొల్లేటి నడుమ ఒక మెరక. యాభైల్లో అక్కడికి రోడ్డు లేదు, వంతెన లేదు. వానాకాలం చుట్టూ నీళ్లు, ఎండాకాలం చుట్టూ బురద. ఎటు కదలాలన్నా తాటిమాను తొలిచి చేసిన దోనె, చేతిలో ఒక గెడ. మగవాళ్లు తెల్లవారుతూనే చేపల బుట్టలు వేసుకుని ఏలూరుకో, భీమడోలు స్టేషనుకో పోయి, పొద్దువాలాక తిరిగి వచ్చేవారు. దారి పొడుగునా మనిషి ఎత్తున కిక్కిస గడ్డి. దాని మధ్య నీటి సందులు. మసక పడితే ఏ సందు ఏ లంకకు పోతుందో పుట్టి పెరిగినవాడికి కూడా తెలియదు. అందుకని మా రేవులో ఒక గుంజ పాతి, దానికి ఒక లాంతరు వేలాడదీసేవారు. ఆ వెలుగు చూసుకుని దోనెలు ఇంటికి చేరేవి.

ఆ లాంతరు ఊరందరిదీ. వెలిగించడం మాత్రం ఇంటికొక రోజు వంతు. వంతు ఉన్న ఇల్లు తన కిరసనాయిలు పోసి, పొద్దుగూకేసరికి రేవులో వెలిగించాలి. మర్నాడు పొద్దున్నే దించి, చిమ్నీని బూడిదతో తుడిచి, తీసుకెళ్లి పక్కింటి చూరుకు తగిలించాలి. మాట చెప్పక్కర్లేదు. చూరుకు లాంతరు కనిపించిందంటే ఆ రోజు ఆ ఇంటిది వంతు. పడమటి వైపు నుంచి తూర్పుకు అలా ఊరంతా తిరిగి మళ్లీ మొదటికి వచ్చేది.

బయటివాళ్లకు ఇది చాకిరీలా కనిపిస్తుంది. మాకది చాకిరీ కాదు. ఊళ్లో ఇళ్లను లెక్కపెట్టేది ఆ లాంతరుతోనే. రేవులో దోనెలు కట్టుకునే చోటు లాంతరు వరసలోనే. ఎండాకాలం ఊరి మడుగు పట్టినప్పుడు చేపల వాటాలు పిలిచేది లాంతరు వరసలోనే. సాయంత్రం రేవులో నలుగురూ కూర్చున్నప్పుడు మాట్లాడే హక్కు లాంతరు తిరిగే ఇళ్లకే. లాంతరు రాని ఇల్లంటే కప్పు, గోడలు, పొయ్యి అన్నీ ఉన్నా అది ఇల్లు కాదు.

మా నాన్న భాద్రపదంలో జ్వరంతో పోయారు. అప్పటికి నేను పక్క లంకలో బడిపంతులుగా చేరి ఎక్కువ కాలం కాలేదు. మైల ఉన్న ఇంటికి లాంతరు తేకూడదన్నది ఊరి కట్టుబాటు. అందులో నేను తప్పు పట్టను. మాకు లాంతరు అందించవలసింది పడమటింటి బాబాయి. మా నాన్నకు వరసకు తమ్ముడు. మా వంతు రోజున ఆయన మా గుమ్మం ముందు నుంచి తలవంచుకుని నడిచి, లాంతరు తీసుకెళ్లి తూర్పింటి చూరుకు తగిలించాడు. సరే.

మైల తీరింది. అమ్మ చూరువాసానికి కొత్త మేకు కొట్టించింది. కిరసనాయిలు తెప్పించి సీసా నింపింది. చిమ్నీ తుడవడానికి మెత్తటి బూడిద జల్లెడ పట్టి మూకుట్లో పోసి పెట్టుకుంది. నాన్న పోయాక ఆవిడ తనంతట తాను లేచి చేసిన మొదటి పని అదే. వంతు తిరిగి వచ్చిన పొద్దున గుమ్మంలో నిలబడింది. బాబాయి లాంతరు పట్టుకుని వచ్చాడు. అప్పటిలాగే తలవంచుకున్నాడు. అప్పటిలాగే మా గుమ్మం దాటి తూర్పింటికి పోయాడు.

సాయంత్రం బడి నుంచి వచ్చి విషయం విన్నాను. తిన్నగా దడి దగ్గరికి వెళ్లాను.

"బాబాయ్, లాంతరు మా ఇంటికి రాలేదేం?"

"రాలేదాండీ?" అన్నాడు, ఎవరో చెబితే అప్పుడే తెలిసినట్టు.

"తెచ్చేది మీరే కదా."

"నేనేనండి. కాకపోతే వదినగారింకా దుఃఖంలో ఉన్నారు. ఇంతలోనే పని అప్పజెబితే ఏం బావుంటుందండి? నలుగురూ ఏవనుకుంటారు?"

"అమ్మ మేకు కొట్టించుకుని మరీ కూర్చుంది."

"అయ్యయ్యో, అలాగాండీ! పెద్దాయనతో ఓ మాట అనుకుందాం పంతులుగారూ. మీరేం మనసులో పెట్టుకోకండి."

మా నాన్న బతికున్నన్నాళ్లూ ఈయన నన్ను "ఒరేయ్" అనే పిలిచాడు. ఆ రోజు నుంచి పంతులుగారినయ్యాను, అండీనయ్యాను. మనిషిని దూరం పెట్టాలంటే మా వైపు గౌరవం కన్నా మంచి సాధనం లేదు. కసిరితే తిరగబడొచ్చు. మెత్తగా మాట్లాడేవాణ్ణి ఏం చేస్తాం?

పెద్దాయన అంటే ఊరిపెద్ద. ఆయన వల అల్లుకుంటూ తల ఎత్తకుండానే చెప్పాడు. "ఆపమని నేనన్నానాండీ? అన్లేదు. నేను ఆపనిదాన్ని నేనెలా మొదలెట్టమంటానండి? మీ బాబాయినే అడగండి."

బాబాయిని అడిగితే పెద్దాయన చెప్పాలన్నాడు. పెద్దాయనను అడిగితే బాబాయి తేవాలన్నాడు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి నా కాళ్లకు బురద ఆరలేదు. తూర్పింటివాళ్లను అడిగితే వాళ్లది ఇంకో రకం. "మా చూరుకు తగిలిస్తే వెలిగిస్తావండి. తగిలించకపోతే లేదండి. మాదేవుంది?" వాళ్లు చిమ్నీ ఏనాడూ సరిగా తుడవలేదని కూడా ఇక్కడే చెబుతున్నాను. వాళ్ల వంతు రోజున రేవులో వెలుగు కంటే మసే ఎక్కువ ఉండేది. అయినా వాళ్లది ఇల్లే, మాది కాదు.

ఆ ఎండాకాలం ఊరి మడుగు పట్టారు. గట్టున తాటాకు చాపలు పరిచి చేపలు కుప్పలుగా పోశారు. కొర్రమీను, వాలుగ, జెల్ల, అన్నీ కలిపి ఇంటికొక కుప్ప. అమ్మ బుట్ట పట్టుకుని మిగతా ఆడవాళ్లతో పాటు నిలబడింది. పడమటిల్లు అన్నారు. తూర్పిల్లు అన్నారు. మధ్యలో ఊపిరి పీల్చుకునేంత సేపైనా ఆగలేదు. చివరి కుప్ప కూడా లేచిపోయాక బాబాయి భార్య తన బుట్టలోంచి రెండు కొర్రమీన్లు తీసి, "తీసుకో అక్కయ్యా, మాకివన్నీ ఏం చేసుకోను" అంది.

"వాటా అయితే ఇవ్వు, తీసుకుంటాను," అంది అమ్మ. "జాలైతే నీ దగ్గరే ఉంచుకో. పులుసు బావుంటుంది."

ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అమ్మ ఖాళీ బుట్టతో ఇంటికి వచ్చింది. ఆ రాత్రి మేము గోంగూర పచ్చడితో తిన్నాం. ఊరంతా చేపల పులుసు వాసన.

తర్వాత శ్రమదానం రోజులు వచ్చాయి. ఎక్కడ చూసినా రోడ్లు వేయడం, గట్లు ఎత్తడం. మా రేవు గట్టు ఎత్తు చేయించడానికి ఏలూరు నుంచి ఒక ఆఫీసరుగారు పడవ మీద వచ్చారు. వెంట కెమెరా పట్టుకున్న మనిషి. ఇంటికొకరు తట్టతో రావాలని ఊరిపెద్ద ఇంటింటికీ ఒక మనిషిని పంపించి పిలిపించాడు. ఆ పిలుపు కూడా మా గుమ్మం దాటిపోయింది. నేను బడికి సెలవు పెట్టి గొడవకు సిద్ధమవుతుంటే, అమ్మ పైట బిగించి, తట్ట తీసుకుని నాకంటే ముందే వెళ్లిపోయింది. పొద్దుటి నుంచీ బురద మోసింది. అందరికంటే ఎక్కువ మోసిందని నేను అనను, అందరితో సమానంగా మోసింది.

ఆఫీసరుగారు మంచి మనిషి. గట్టు మీద నడుస్తూ ఒక్కొక్కరినీ పలకరిస్తున్నారు. అమ్మ ముందు ఆగారు.

"ఈవిడ ఏ ఇంటి తరపునండీ?"

బాబాయి నీళ్ల వైపు చూశాడు. ఊరిపెద్ద చేతులు కట్టుకుని ఎంతో వినయంగా చెప్పాడు.

"వారా అండీ... వారు చూడ్డానికొచ్చారండి."

అమ్మ నెత్తి మీద తట్ట ఉంది. తట్టలోంచి బురదనీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి.

"చూడ్డానికొచ్చినదాన్ని తట్ట నెత్తినెట్టుకుని చూస్తానా అన్నయ్యగారూ?" అంది అమ్మ.

అందరూ నవ్వారు. ఆఫీసరుగారు కూడా నవ్వారు. అమ్మ మంచి చమత్కారి అనుకుని ఉంటారు. నవ్వు అయిపోయింది, విషయం కూడా అక్కడితో అయిపోయింది. ఫోటో తీస్తామంటే ఇంటికొకరు వరసగా నిలబడ్డారు, అదే లాంతరు వరస. పడమటింటి భుజం తూర్పింటి భుజానికి ఆనుకుంది. అమ్మ తట్ట గట్టు మీద బోర్లించి, చేతులు కడుక్కుని వచ్చేసింది. ఆ గట్టులో మా అమ్మ మోసిన మట్టి ఎంత ఉందో నాకు తెలుసు. దాని మీద నడిచే ప్రతి పాదమూ అప్పుడూ ఇప్పుడూ నా కడుపులో పడుతూనే ఉంది.

మర్నాడు మా వంతు రోజు. నేను ఊరుకోలేదు. తెల్లవారి బాబాయి లాంతరు తగిలించి అటు తిరగగానే, తూర్పింటి చూరు నుంచి దాన్ని తీసుకొచ్చి మా మేకుకు తగిలించాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా. సాయంత్రం నేనే రేవులో వెలిగించాను. ఒక్కడు వచ్చి ఇదేమిటని అడుగుతాడేమో, అడిగితే అందరి ముందూ తేల్చుకుందామని గుంజ పక్కనే నిలబడ్డాను. దోనెలు వచ్చాయి. దిగినవాడల్లా నన్ను పలకరించాడు. "పంతులుగారు ఇయ్యాల సరదా పడ్డారే!" అన్నాడొకడు. "వెలుగు బావుందండి, చిమ్నీ బా తుడిచారు" అన్నాడు ఇంకొకడు. తన్నడానికి వెళ్లినవాడికి పీట వేసి కూర్చోబెట్టినట్టయింది. పొద్దున నేనే తూర్పింటికి తీసుకెళ్లి తగిలించాను. మళ్లీ వంతు తిరిగి వచ్చేసరికి బాబాయి మా గుమ్మం దాటి నడిచాడు.

నేను మళ్లీ లేవబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వొద్దురా. నువ్వు ఎత్తుకొచ్చింది లాంతరు. వంతు కాదు. వాళ్లు తెచ్చి తగిలిస్తేనే అది వంతు."

ఆవిడ మాట నిజం. ఆ నిజం నన్ను కట్టిపడేసింది. అప్పటి నుంచీ అడగడం తప్ప నాకింకో దారి లేకపోయింది. రేవులో అడిగాను. పెళ్లి పందిళ్లలో అడిగాను. పెద్దింట్లమ్మ తీర్థానికి పోయే పడవలో, అందరూ కదలకుండా కూర్చోవలసిన చోట అడిగాను. "పంతులుగారు మొదలెట్టారు" అని చాటుగా నవ్వుకున్నారని నాకు తెలుసు. ఎవరెవరు నవ్వారో కూడా తెలుసు. ఎదురుగా మాత్రం అందరూ, "కనుక్కుందావండి" అన్నారు. కనుక్కోవడానికి ఊరు మొత్తం కలిపి ఒక గట్టు మీద ఉంది. ఎక్కడికి వెళ్లి కనుక్కుంటారు?

యాభైల చివర్లో ఒక మాఘమాసం అమ్మ పోయింది. చూరుకు మేకు అలాగే ఉంది. ఊరంతా వచ్చింది. మోసినవాళ్లలో బాబాయి ఉన్నాడు, కట్టెలు తెచ్చినవాళ్లలో తూర్పింటివాళ్లు ఉన్నారు. అది కాదనను. మర్నాడు పొద్దున బాబాయి భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ దడి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పంతులుగారూ, ఏవీ అనుకోకండి."

"చెప్పండి."

"మైల కదండీ. ఈ పదిరోజులూ లాంతరు మీ ఇంటికి తేవడం కుదరదండి. కట్టుబాటు. మీకు తెలియందేవుంది."

ఆ మనిషి నన్ను వెక్కిరిస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. లేదు. నిజంగానే చెబుతున్నాడు.

"ఈ పదిరోజులూ కుదరదా బాబాయ్? ఇన్నేళ్లూ కుదిరిందా?"

ఆయన నొచ్చుకున్నాడు. "అదేం మాటండీ? మీ ఇంటికి వంతు లేదని ఎవరన్నారండీ? మీ నాన్నగారి ఇల్లది!" అని కళ్లు తుడుచుకున్నాడు. అవి దొంగ కన్నీళ్లు కావు. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. దొంగ కన్నీళ్లయితే ఆ రోజే తెగతెంపులు చేసుకునేవాణ్ణి.

మైల తీరింది. లాంతరు రాలేదు. అడిగాను. "మీరు బడి నుంచి వచ్చేసరికి పొద్దుపోతుంది కదండీ, మీకెందుకండీ శ్రమ" అన్నాడు.

ఊరిపెద్ద పోయాడు. తూర్పింట్లో ఇప్పుడున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. తెలిసినవాడు బాబాయి ఒక్కడే మిగిలాడు. ఆయనకు చెవులు బాగానే వినిపిస్తాయి, జ్ఞాపకం దివ్యంగా ఉంది. ఏ ఏడు తమ్మిలేరు పొంగిందో, ఏ ఏడు మడుగులో ఎన్ని బుట్టల చేప పడిందో వచ్చినవాళ్లకు పొల్లుపోకుండా చెబుతున్నాడు. కనుక గుర్తులేదన్న మాట నా దగ్గర చెల్లదు. పెద్దతనం అన్న మాట కూడా చెల్లదు, నాదీ పెద్దతనమే.

బాబాయ్, ఈసారి ఏలూరు నుంచి మనుషులు వచ్చినప్పుడు నేనే దడి దాటి వస్తాను. వాళ్ల ఎదురుగానే అడుగుతాను. అమ్మ పోయిన మర్నాడు మీరు వచ్చి వంతు ఆపుతున్నామన్నారు. ఆపడానికి మాకు వంతు ఉన్నట్టా, లేనట్టా? ఉంటే, నాన్న మైల తీరిన తర్వాత ఆ లాంతరు పట్టుకుని మా అమ్మ ముందు నుంచి ఎందుకు నడిచి వెళ్లారు? లేకపోతే, దాన్ని తీసేసింది ఎవరు, ఏ రోజున, ఏ తప్పుకు? పెద్దాయన పేరు చెప్పకండి, ఆయన లేడు. నలుగురూ అనుకుంటారనకండి, ఆ నలుగురూ లేరు. మీరున్నారు, నేనున్నాను. జవాబు చెప్పండి.