మేకను వెతికే ముసలవ్వ ఆట

మొన్న హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి జిరాక్స్ షాపులో నిలబడి ఉంటే, మూలన ఉన్న పాత డబ్బా మానిటర్ వేడెక్కి, దాని వెనక జాలీలో పేరుకున్న దుమ్ము మాడుతున్న వాసన వచ్చింది. కాగితాలు చేతికొచ్చాక కూడా నేను కదల్లేదు. బయటికి వచ్చి, నాలుగడుగులు వేసి, ఏదో మర్చిపోయినదానిలా మళ్ళీ లోపలికి వెళ్ళి ఆ వాసన పీల్చాను. అప్పటినుంచి మనసు ఒకచోట నిలవడం లేదు.

మాది గోదావరిఖనిలో రెండు గదుల కంపెనీ క్వార్టర్. బాపు బొగ్గు బాయిలో భూమి కింద పనిచేసేవాడు. మూడు షిఫ్టుల ఇల్లంటే అందరూ ఒకేసారి నిద్రపోయిన ఇల్లు కాదు. ఒకరు తింటుంటే ఒకరు పడుకుని ఉండేవారు, మేము తొక్కుడుబిళ్ళ ఆడినా గొంతు తగ్గించి ఆడాల్సిందే, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు పెట్టినప్పుడు గూట్లో గిన్నెలు గలగలలాడేవి, ఆ చప్పుడుకు మాత్రం ఎవరికీ మెలకువ రాకపోయేది. వానాకాలం వచ్చిందంటే వాకిట్లో బొగ్గుల పొయ్యి మీద మక్కకంకులు కాల్చుకునేవాళ్ళం. ఆ కంకులు తెచ్చేది బాపు దోస్తు కొమురయ్య, మాకు కాక. కాకకూ బాపుకూ ఒకే రోజు నౌకరి దొరికింది. ఒకే షిఫ్టు, ఒకే జట్టు. బాపు కంటే రెండేళ్ళు చిన్నవాడు కాబట్టి ప్రతి దసరాకూ జమ్మి ఆకు తెచ్చి బాపు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కేవాడు.

రాష్ట్రం రావడానికి నాలుగైదేళ్ళ ముందు, నాకు పదకొండేళ్ళప్పుడు, మొదటి వానల్లో బాయిలో వాలు మీద పట్టాల బండి, నిండు బొగ్గు టబ్బు ఒకటి జారి బాపు కాలి మీద నుంచి పోయింది. పట్టాల మీద టబ్బు కిందికి ఉరకకుండా అడ్డంగా పెట్టే కట్టెను స్టాపర్ అంటారు. ఆ రోజు అది ఎవరూ పెట్టలేదు. వాలు దగ్గర ఉన్నది ఇద్దరే, బాపూ కాకా. దవాఖానలో మంచం మీద ఉన్న బాపును అడిగితే, నాకేం యాది లేదన్నాడు. కాలు విరిగినవాడిని ఎవరు అనుమానిస్తారు? తప్పు కాకదే అయ్యుంటుందని ఆయనను డ్యూటీలోంచి ఆపేశారు. అయినా కాక దవాఖానకు వచ్చాడు. బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నొప్పికి అట్లా చేస్తున్నాడని అమ్మ సర్దిచెప్పింది. మేము కూడా అదే అనుకున్నాం.

ఇంటికి వచ్చాక బాపు ఒకచోట కూర్చోలేకపోయాడు. చంకలో కర్ర పెట్టుకుని ముందరి గది నుంచి వంటగదికి, వంటగది నుంచి వాకిట్లోకి, మళ్ళీ లోపలికి. షిఫ్టు కూత వినపడితే చాలు లేచి నిలబడేవాడు, చొక్కా తొడుక్కునేవాడు, విప్పేవాడు. అమ్మ సర్వపిండి చేసి ముందు పెడితే ముక్క తుంచి చేతిలోనే నలిపేవాడు. ఆ కర్ర చప్పుడు మా అందరికీ పట్టుకుంది. నేను బళ్ళో కూర్చున్నా కాలు ఊపుతూనే ఉండేదాన్ని.

మా అక్క అప్పటికి ఇంటర్ అయిపోయి చౌరస్తా దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేది. బడి వదలగానే నేను అక్కడికి వెళ్ళేదాన్ని. ఆరు చెక్క గూళ్ళు, ఆరు డబ్బా మానిటర్లు, నేను ముందు చెప్పిన ఆ వాసన. మగపిల్లలంతా తుపాకుల ఆటలు ఆడేవాళ్ళు. అక్కకు మాత్రం ఎవరో వదిలేసి పోయిన సీడీలో ఒక వేరే ఆట దొరికింది. దాని మీద పేరు లేదు, మేక బొమ్మ ఒకటే ఉంది.

ఆ ఆటలో బొమ్మలన్నీ ఎవరో చేత్తో గీసినవి. కలం గీత అక్కడక్కడ వణికేది, రంగు గీత దాటి బయటికి పాకేది, కొన్నిచోట్ల చెరిపేసిన పెన్సిల్ జాడ కూడా కనిపించేది. ఒక ముసలవ్వ తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ ఊళ్ళు, తోటలు, గుహలు దాటుతుంటుంది. చంపడం లేదు, చావడం లేదు, తొందర లేదు, ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. ఒక్కో బొమ్మలో ఒక్కో చిక్కు. ఏది నొక్కాలో, ఏది ముందు ఏది వెనక చేయాలో మనమే చూసి తెలుసుకోవాలి. తప్పు చేస్తే అవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని మనవైపు చూసేది, అంతే. ఎన్నిసార్లు తప్పు చేసినా కోప్పడని మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. నున్నగా మెరిసే మిగతా ఆటల ముందు, ఎవరో ఇంట్లో కూర్చుని నాకోసమే గీసినట్టున్న ఆ బొమ్మలకు నేను అతుక్కుపోయాను. నోట్‌బుక్ వెనక పేజీల్లో ఆ అవ్వనే గీసేదాన్ని.

గుహ దగ్గర వారం రోజులు ఇరుక్కుపోయాం. గుహలో వాలు, వాలు మీద పట్టాలు, పైన తాడుకు కట్టిన గడ్డి టబ్బు, కింద ఆకలితో మేక. తాడు వదిలితే టబ్బు ఉరికి కింద బోర్లా పడేది, మేక బెదిరి పారిపోయేది, బొమ్మ మళ్ళీ మొదటికొచ్చేది. అన్నం తింటున్నా నాకు ఆ టబ్బే కనిపించేది.

ఒక ఆదివారం పొద్దున అమ్మకు విసుగొచ్చింది. "బాపును గా సెంటర్‌కన్న తీస్కపోండ్రి. ఇంట్ల తిరిగి తిరిగి నా పాణం తీస్తుండు" అంది. ఆటో మాట్లాడి తీసుకెళ్ళాం. సెంటర్లో ఎవరూ లేరు. బాపును కుర్చీలో కూర్చోబెట్టి అక్క ఆట పెట్టింది. బాపు కాసేపు వీధివైపు చూశాడు. తర్వాత తల తిప్పాడు.

"గదేంది, టబ్బా?"

"అవు బాపు. తాడు ఇడిస్తే ఉరికి పడిపోతంది. వారం సంది గిట్లనే" అంది అక్క.

బాపు ముందుకు వంగి చాలాసేపు చూశాడు. పట్టాల పక్కన గీసి ఉన్న కట్టె మీద వేలు పెట్టాడు. "గిదెందుకున్నది?"

"అవ్వ పొయ్యిల కట్టె అనుకున్నం" అన్నాను నేను.

"పొయ్యిల కట్టె కాదు బిడ్డ, స్టాపర్. ముందుగాల గది పట్టా మీద పెట్టాలె, ఎనుక తాడు ఇడువాలె. గీ బొమ్మ గీసినోడు బాయి సూసిండు."

అక్క కట్టెను పట్టాల మీదికి లాగి తాడు వదిలింది. టబ్బు జారుకుంటూ వచ్చి కట్టె దగ్గర మెత్తగా ఆగింది. అవ్వ గడ్డి తీసి చాపింది, మేక దగ్గరికొచ్చింది. నేను చప్పట్లు కొట్టి బాపు వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు.

"ఆ దినం గది పెట్టుడు నా వంతు ఉండె" అన్నాడు. "కొమురయ్యది కాదు. నేనే మర్చిన."

అక్క చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. "యాది లేదన్నవు గద బాపు?"

"యాది ఉన్నది."

లేచి కర్ర తీసుకుని ఆయన ఎంత గబగబా నడిచాడంటే మేం ఆటో పిలిచేలోగా సగం వీధి దాటేశాడు. ఇంట్లో సంగతి విని అమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "ఇప్పుడు పోయి చెప్తే నీ నౌకరి ఉంటదా? పిల్లల గతేంది?" అని అడిగింది. "పోతే పోనియ్. గాయన రెండు నెల్ల సంది ఇంట్ల కూసున్నడు" అన్నాడు బాపు. మర్నాడు అక్క తోడు వెళ్ళింది. బాయి ఆఫీసులో బాపు చెప్పినదంతా ఆమే కాగితం మీద రాసి ఇచ్చింది. కింద బాపు వేలిముద్ర వేశాడు.

నౌకరి పోలేదు. కొన్నాళ్ళు ఆపి, కాలు నయమయ్యాక పైన ల్యాంప్ రూములో వేశారు. దిగేవాళ్ళకు దీపాలు అందించే పని. బాయి దిగే మనిషికి అది చిన్నతనమే, ఆ మాట బాపు ఎన్నడూ అనలేదు. కాక డ్యూటీకి ఎక్కాడు. కానీ మా ఇంటికి రాలేదు. దీపం తీసుకోవడానికి వచ్చినా బాపు చేతి నుంచి కాకుండా పక్కవాడి చేతి నుంచి తీసుకునేవాడట.

ఆ దసరాకు బాపు మధ్యాహ్నం నుంచే కొత్త చొక్కా తొడుక్కుని గడపలో నిలబడ్డాడు. మూడుసార్లు నన్ను సందు చివరికి పంపి చూసి రమ్మన్నాడు. వీధంతా జమ్మి ఆకులు పంచుకుంటూ అలాయ్ బలాయ్ తీసుకుంటున్నారు. పొద్దు గూకే వేళకు కాక వచ్చాడు. బాపు చేతిలో జమ్మి పెట్టాడు.

"రెండు నెల్లు నా పిల్లల మొకం సూడలేకపోయిన, అన్న."

"తెలుసు తమ్మి" అన్నాడు బాపు.

ఇద్దరూ కౌగిలించుకోలేదు. కాక ఆ ఏడు కాళ్ళు మొక్కలేదు. మరుసటేడు మొక్కాడు.

ఇప్పుడు ఆ సెంటర్ లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మా క్వార్టర్ల వరుస కూల్చేశారు. సీడీ అక్క దగ్గరే ఉంది గానీ ఏ కంప్యూటరూ దాన్ని తీసుకోవడం లేదు. పేరు తెలియని ఆటను ఎక్కడని వెతకాలి? నిరుడు ఆ బాయి కూడా మూసేశారు. ఆ రోజు బాపూ కాకా ఇద్దరూ కలిసి చూడ్డానికి వెళ్ళారని తెలిసి బాపుకు ఫోన్ చేశాను. ఏం చూశావని అడిగితే, "ఏమున్నది బిడ్డ. నీళ్ళు తోడే పంపులు బంద్ వెట్టిండ్రు. లోపట నీళ్ళు నిండుతున్నయి" అన్నాడు. ఇంకేమైనా చెబుతాడేమోనని ఫోను చెవికి ఆనించుకుని గదంతా తిరిగాను. అవతల నుంచి కాక గొంతు వినిపించింది.

"జల్ది రాయే అన్న, బస్సొచ్చింది."