నిండుకున్న సంపు

మా అత్త బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఏ వస్తువూ అయిపోలేదు. ఉప్పు నిండుకునేది. బియ్యం నిండుకునేవి. దీపంలో నూనె నిండుకునేది. డబ్బా అడుగు కనబడుతున్నా సరే, ఇల్లాలి నోటి నుంచి ‘లేదు’, ‘అయిపోయింది’ అన్న మాట రాకూడదని ఆమె పట్టుదల. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, లేదంటే లేదనే రాసిపెట్టి పోతారని చెప్పేది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒకసారి చింతపండు అయిపోయిందన్నాను. నా చేత చెంపలు వేయించి, ఖాళీ జాడీలో నాలుగు గింజలైనా వేయించి గానీ ఊరుకోలేదు. తర్వాత ఆ మాట నాకూ అలవాటైంది. లేమిని కూడా నిండుగా చెప్పుకోవడం మంచి మర్యాద అనిపించింది.

ఆ మంచి మాటను నేను ఒకసారి ఎలా వాడుకున్నానో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. నాయన దేవుని గూటి ముందు కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించాడు. రోజూ దీపం పెట్టాక, ఆ రోజు దేవుడు ఇచ్చినవేమిటో ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పుకొమ్మనేవాడు. ఎండ తగ్గింది, నీ దయ. మేక ఈనింది, నీ దయ. ఇప్పటికీ సాయంత్రం దీపం ముందు నేను చేసేది అదే.

తనకల్లు నుంచి లోపలికి వచ్చే దారిలో ఉంది మా పల్లె. ఇక్కడ వాన పిలిస్తే రాదు, వస్తే ఉండదు. మా అత్త ‘కరువొస్తే’ అని ఎప్పుడూ అనలేదు, ‘కరువొచ్చినప్పుడు’ అనేది. కొర్రలు, రాగులు బానల్లో పోసి, వేపాకు, బూడిద కలిపి, మూతల చుట్టూ పేడ మెత్తేది. వంకాయలు, గోరుచిక్కుళ్ళు కోసి ఒరుగులు ఎండబెట్టేది. పశువుల మేతకు చెనిక్కాయ కట్టె వామి వేయించేది. రేషన్ కార్డు, పాసుపుస్తకం, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవరులో చుట్టి, గుడ్డ సంచిలో వేసి తలుపు పక్కన మేకుకు తగిలించింది. గాలివానొచ్చి మిద్దె కూలినా ఆ సంచి ఒక్కటి చేతబట్టుకుని బయటపడొచ్చని.

అన్నిటికన్నా పెద్ద పని సంపు. మా పెరట్లో పాతకాలపు పాతర ఉండేది, జొన్నలు దాచుకునే గుంత, మనిషి దిగేటంత లోతు. దాచుకునేటన్ని జొన్నలు పండక అది ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉంది. అత్త దాన్ని ఇంకా తవ్వించి, రాళ్ళు కట్టించి, సిమెంటు పూయించింది. మిద్దె మీద పడిన వాన పైపులోంచి అందులోకి దిగుతుంది. మొదటి వానను లోపలికి రానిచ్చేది కాదు, మిద్దె కడుక్కుపోవాలి కదా. రెండో వానకు పైపు మూతికి పాత చీర ముక్క నాలుగు మడతలు వేసి కట్టేది. నిండితే నీళ్ళు బయటికి పోయే పొర్లుపైపులోంచి దూరిందేమో, ఒక కప్ప అందులో కాపురం పెట్టింది. ఎన్నిసార్లు పట్టి బయట వేసినా మళ్ళీ వచ్చేది. చివరికి మేమే ఊరుకున్నాం.

పోయేముందు అత్త నాకొక వెదురు కర్ర ఇచ్చింది. జానకొక గాటు పెట్టిన కర్ర. రోజూ సంపులో దించి చూసుకొమ్మంది. నీళ్ళు ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్ళకు దిగులు ఉండదంది. ఆమె సంగతి ఏమో గానీ, నాకు తెలిసేకొద్దీ దిగులు పెరిగింది.

మా పక్కింటామె నాకు వరసకు వదిన. వాళ్ళది గొర్రెల కాపరుల ఇల్లు. ఎండాకాలం మేత కోసం ఆమె మగడు గొర్రెల్ని కర్ణాటక వైపు తోలుకుని పోతాడు. ఇంటి దగ్గర ఆమె, ఒక ఆవు. మా రెండిళ్ళ మధ్య గోడ రొమ్ము ఎత్తు ఉంటుంది. మజ్జిగ, కరివేపాకు, ఊరి కబుర్లు అన్నీ దాని మీద నుంచే అటూ ఇటూ పోతాయి. అత్త పోయినప్పుడు మూడు రోజులు మా పొయ్యి వెలగలేదు. ఆ మూడు రోజులూ ఆమె ఇంటి నుంచే మాకు సంగటి వచ్చింది.

అత్త పోయిన మరుసటి ఏడు ఎండాకాలంలో ఊరి బోరు గాలి కక్కింది. రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చేది. తర్వాత ట్యాంకరే చెడిపోయింది. నాలుగు రోజులు రాలేదు. వీధిలో ఖాళీ బిందెలు వరసగా కూర్చున్నాయి, మనుషులు లేచి పోయినా అవి మాత్రం వరస తప్పలేదు. నాలుగో రోజు పొద్దున నేను కర్ర దించి చూస్తే నాలుగు జానలు తడిసింది. నాకూ మా ఆయనకూ, రెండు మేకలకూ నలభై రోజులు వస్తాయనుకున్నాను. మూత వేసి, ఒక చెంబెడు నీళ్ళు తులసమ్మకు పోసి దండం పెట్టుకుంటున్నాను.

అప్పుడు వదిన గడప దగ్గరికి వచ్చింది. గోడ మీద నుంచి అడగలేదు, చుట్టూ తిరిగి వాకిట్లోకే వచ్చింది. చంకలో ఖాళీ బిందె.

“ఒక్క బిందె ఇయ్యి వదినా. నాగ్గాదు, ఆవుకు. ఈ పొద్దో రేపో ఈనేటట్లుండాది.”

నా నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు గుర్తుంది.

“సంపు నిండుకునింది వదినా.”

ఆమె తులసికోట వైపు చూసింది. మన్ను తడిగా ఉంది. తర్వాత సంపు మూత వైపు చూసింది.

“నిండుకునిందా. సరేలే,” అని బిందెను ఇంకో చంకలోకి మార్చుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక నేను ఏమనుకున్నానో దాచను. అబద్ధం చెప్పలేదు కదా అనుకున్నాను. నిండుకుందన్నాను, ఆ మాటలో నిండు ఉంది కదా, సంపులో నీళ్ళూ ఉన్నాయి కదా. మాట తిప్పిన పెద్దల కథలు నాయన నా చేత ఎన్ని చదివించాడో! చదివిన చదువంతా ఆ పొద్దు నాకు ఈ కిటుకు అందించడానికే పనికొచ్చింది. ఆమెకు ఒక్క బిందె ఇస్తే వీధంతా బిందెలతో దిగుతుందని కూడా సర్దిచెప్పుకున్నాను. అదీ నిజమే. కానీ ఆమె గడపలో నిలబడినప్పుడు నాకు వీధి గుర్తురాలేదు, కర్ర మీద తడి గుర్తొచ్చింది. ఒక్క బిందె తీస్తే ఆ తడి వేలి వెడల్పు కూడా దిగదు. మరునాడు తీసి చూశాను. దిగలేదు.

ఆమె ఆవును తోలుకుని రెండు మైళ్ళ అవతలి తోట బావికి బయలుదేరిందట. సగం దారిలో, తుమ్మచెట్ల దగ్గర, ఆవు పడుకుండిపోయింది. అక్కడే ఈనింది. దూడ లేవలేదు. మధ్యాహ్నం మా ఆయన సంగటి ముందు కూర్చుని ఈ సంగతి చెప్పి, అంత ఎండలో ఈనే ఆవును నడిపిస్తే ఏమవుతుంది మరి అన్నాడు. ఆమె మా గడపలోకి వచ్చిపోయినట్టు ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఇంకొంచెం సంగటి పెట్టాను.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. ఇంట్లో నీళ్ళున్నాయి, అనేదాకా వచ్చి ఆగిపోయాను. ‘నీ దయ’ అన్న మాట రాలేదు. ఇది దేవుడి దయ అయితే ఆమె గడపలోంచి ఉత్త బిందెతో ఎందుకు పోయింది? దీపం కొండెక్కేదాకా ఊరికే కూర్చున్నాను.

వదిన ఆవును మెల్లగా బావి దాకా నడిపించి, అక్కడే కట్టేసి, మూడో రోజు ఇంటికి తోలుకొచ్చింది. ఆ రోజే ట్యాంకరు కూడా వచ్చింది. మర్నాడు పొద్దున గోడ మీద నుంచి ఒక గిన్నె నా చేతికి ఇచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. ముర్రుపాలతో బెల్లం వేసి ఉడికించిన జున్ను. ఆవు ఈనితే ఇరుగుపొరుగుకు జున్ను పంచడం మా దగ్గర రివాజు, కానీ ఈ ఈత జున్ను నేను ఎదురుచూడలేదు.

“దూడ లేకపాయె. తాగేదెవురు? మీరన్నా తినండి,” అంది.

ఏ పదార్థమైనా దేవుడికి చూపించి తినడం మా అలవాటు. గిన్నె పట్టుకుని గూటి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మా ఆయన తిన్నాడు, నన్నూ తినమన్నాడు. ఏకాదశి అన్నాను. ఆ రోజు ఏకాదశి కాదు.

పది రోజులు తిరక్కుండానే వాన పడింది. అలాంటి వాన మా ఊళ్ళో ఏళ్ళకొకసారి పడుతుంది. సంపు నిండింది, పొర్లుపైపు పట్టలేదు, మూత కిందుగా నీళ్ళు ఎగజిమ్మి వాకిట్లోంచి వీధిలోకి పారాయి. నలభై రోజులకని దాచుకున్నవి నా కళ్ళముందే వదిన గుమ్మం మీదుగా పోయి కాలవలో కలిశాయి. ఊరంతా తడుస్తూ చేతులెత్తి మొక్కింది. నేను వసారాలోనే ఉండిపోయాను.

తర్వాత నా అంతట నేను ఏవేవో ఇచ్చాను. మజ్జిగ ఇచ్చాను, బానలోంచి కొర్రలు కొలిచి ఇచ్చాను, ఉగాదికి చీర పెట్టాను. ఆమె అన్నీ తీసుకుంది. చీర పెట్టిన రోజు మాత్రం, ఏం వదినా, పుణ్యం తక్కువ పడిందా, ఊరికూరికే పెడతాండావు అని ఎగతాళి చేసింది. నేను నవ్వేసి లోపలికి వచ్చేశాను. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. ఇట్లా రెండేళ్ళు గడిచాయి.

పోయిన చలికాలంలో తనకల్లులో ఆడవాళ్ళ సంఘాల సభ పెట్టారు. కరువుకు ముందే ఇల్లు సర్దుకున్న ఇల్లాలు అని నన్ను పైకి పిలిచి మాట్లాడమన్నారు. పాతర సంగతి, చీర ముక్క సంగతి, గాట్ల కర్ర సంగతి, మేకుకు తగిలించిన సంచి సంగతి అన్నీ చెప్పాను. ఎవరి మీదా ఆధారపడకుండా మా ఇల్లు రెండు కరువులు దాటిందని కూడా అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. మూడో వరసలో కూర్చుని వదిన కూడా చప్పట్లు కొడుతోంది. ఎవరి మీదా ఆధారపడకుండా అన్నాను, ఆమె పెట్టిన మూడు రోజుల సంగటి తిన్న నోటితోనే.

మర్నాడు పొద్దున గోడ దగ్గరికి వెళ్ళాను. ఆమె పిడకలు తట్టుతోంది.

“ఆ పొద్దు మా సంపులో నీళ్ళుండె వదినా. నాలుగు జానలుండె,” అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. “తెలుసు,” అంది.

ఇంకో పిడక తట్టి గోడకు కొట్టాక తనే చెప్పింది.

“నువ్వు నిండుకునిందంటాండావు, మూత కింద కప్ప అరుస్తాండాది. ఎండిన సంపులో కప్పకేం పని వదినా?”

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

“అడిగితే ఇంగో అబద్ధమాడతాంటివి. ఒకటి చాల్లే అనుకొంటి.”

దూడ సంగతి ఎత్తబోయాను. అప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఆగింది. నీ నీళ్ళు తాగుంటే అది బతికేదో లేదో నాకు తెలీదు, నీకూ తెలీదు, ఆ ఒక్కటి నన్ను అడగొద్దంది. నేను అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. ఆమె ఇవ్వలేని మాటను ఇమ్మనే హక్కు నాకు లేదు.

చేతులు కడుక్కుని, సభలో చెప్పిన ఆ కర్ర చూపించమంది. తెచ్చి ఇచ్చాను. గాట్ల మీద వేలు పోనిచ్చి చూసి, తన ఇంటి చూరులో దోపుకుంది. ఇది నా కాడ ఉంటుంది, పొద్దున్నే ఇద్దరం చూద్దాం అంది. అంతకుమించి పెద్ద మాటలేమీ జరగలేదు. పశువులు తాగేటట్టు మా వాకిలి బయట, వీధి వైపు ఒక తొట్టి కట్టించాను.

ఈ ఎండాకాలం కర్ర మేమిద్దరం కలిసి దించుతున్నాం. రెండు జానలకు దిగేదాకా పసిబిడ్డలున్న ఇళ్ళకూ, పశువులకూ పూటకొక బిందె. ఆ తర్వాత తాగడానికి మాత్రమే. వీధంతా బిందెలతో దిగుతుందని నేను భయపడింది నిజమే, దిగింది. వాళ్ళతో మాట్లాడేది వదినే. “ఉండాది. గానీ ఈ పొద్దు నీకియ్యం. రేపు రా,” అంటుంది, మొహం మీదే. వాళ్ళు గొణుక్కుంటారు, పోతారు, రేపు వస్తారు. ఉందని చెప్పి కూడా ఇవ్వననొచ్చునని ఇన్నేళ్ళలో నాకు తోచనేలేదు.

సాయంత్రం దీపం ముందు మళ్ళీ చెప్పుకుంటున్నాను. కర్ర ఆమె చూరులో ఉంది, నీ దయ. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ కొంచెం ఆగుతాను.

అత్త వింటే బాధపడుతుందేమో గానీ, మా ఇంట్లో ఇప్పుడు వస్తువులు అయిపోతాయి. ఉప్పు అయిపోయింది, బియ్యం అయిపోయాయి అనే అంటాను. వదిన మాత్రం ఆ పాత మాటను వదల్లేదు. ఉప్పుకో చింతపండుకో గోడ దగ్గరికి వచ్చినప్పుడల్లా, “ఏం వదినా, నిండుకునిందా, ఉండాదా?” అని అడిగి నవ్వుతుంది. నేను నవ్వలేను. జాడీ తెచ్చి, మూత తీసి చూపిస్తాను.