ఇమాం హుస్సేన్ చూసొచ్చిన ఇంగ్లండు

చీరాలలో మా క్రికెట్ క్లబ్బును తలచుకుంటే నాకిప్పటికీ అసహ్యం వేస్తుంది. అందులో నేనూ ఉన్నాను, స్కోరరుగా.

మా పిచ్ చూసుకునే ఇమాం హుస్సేన్‌ది వేటపాలెం. ముప్పైనాలుగులో ఆయన ఒక పొగాకు కంపెనీ దొర దగ్గర వంటవాడు. దొర సెలవు మీద ఇంగ్లండు వెళ్తూ, అక్కడి చప్పిడి కూడు ఇక తన వల్ల కాదని ఆయన్ని వెంటబెట్టుకుపోయాడు. దొర ఆ వేసవంతా అక్కడ తన జిల్లా జట్టుకు ఆడాడు. ఇమాం హుస్సేన్ పగలల్లా మైదానంలోనే గడిపి, పిచ్ ఎంత తడపాలో, రోలరు ఎప్పుడు లాగాలో అక్కడి పనివాడి దగ్గర నేర్చుకొచ్చాడు.

తిరిగొచ్చాక ఆయన ఏళ్ల తరబడి మాకొక కథ చెప్పాడు. ఆ జట్టులో సరదాకు ఆడే దొరలు నడిమి గేటులోంచి మైదానంలోకి దిగేవారట. జీతానికి ఆడేవాళ్లు పక్క సందులోంచి. బట్టలు మార్చుకునే గదులు వేరు, భోజనాలు వేరు. ఒక బొగ్గుగని కూలి కొడుకు పొద్దస్తమానం బంతులు వేసి ఎనిమిది వికెట్లు తీసినా ఆ సందులోంచే పోవాలి. సున్నాకు అవుటైన దొరకు మాత్రం నడిమి గేటే. అదీ పద్ధతంటే అని ఇమాం హుస్సేన్ గర్వంగా ముగించేవాడు. మేం తలలూపేవాళ్లం.

అరవైమూడు జనవరిలో గుంటూరు జట్టుతో మ్యాచి పెట్టుకున్నాం. ఇంగ్లండులో ఆ తేడా ఎత్తేశారని పేపర్లో పడితే, మా సెక్రటరీ వెంకయ్యగారు పొద్దున్నే పైకి చదివి, మంచిపని చేశారని మెచ్చుకున్నారు. సరైన బౌలరు లేక ఆ రోజు బుల్లయ్యను పిలిపించారు. మాలపల్లె మనిషి, జిన్నింగు మిల్లులో కూలి. మధ్యాహ్నానికల్లా ఆరు వికెట్లు తీశాడు.

భోజనాలకు లోపల బల్లల మీద పింగాణీ పళ్లాలు పరిచారు. బుల్లయ్యకు రోలరు షెడ్డు వెనక విస్తరి వేయమని వెంకయ్యగారు ఇమాం హుస్సేన్‌తో చెప్పారు. మేమంతా ఉచ్చపోసే గోడ అక్కడే. నేను అటు వెళ్లేసరికి విస్తరి నిండా ఈగలు. బుల్లయ్య వాటిని తోలుకుంటూ తింటున్నాడు.

లోపలికి రమ్మని ఇమాం హుస్సేన్ బుల్లయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"అలవాటేగా సాయిబూ. నా గురించి గొడవ పెట్టుకోమాక," అన్నాడు బుల్లయ్య.

ఆ మాటకు ఇమాం హుస్సేన్ అతని చెయ్యి వదిలేశాడు. తిన్నగా లోపలికి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఈ దరిద్రం నేనక్కడ చూశానండీ. ఇన్నేళ్లూ దీన్నే పద్ధతని చెప్పుకున్నాను. నా నోరే కంపు కొడతా ఉంది," అన్నాడు.

నీ పని నువ్వు చూసుకోమన్నారు వెంకయ్యగారు. ఇమాం హుస్సేన్ షెడ్డు తాళంచెవి ఆవకాయ గిన్నె పక్కన పెట్టి వెళ్లిపోయాడు. ఎవరమూ లేవలేదు. నేను మారు పెరుగు వేయించుకున్నాను.

మ్యాచి గెలిచాం. ఫొటోలో బుల్లయ్య లేడు.

ఇమాం హుస్సేన్ తన భార్య మౌలాబీతోపాటు జీడిపప్పు బట్టీలో పనికి కుదిరాడు. రెండు నెలలకు పిచ్ నెర్రెలిచ్చింది. బతిమాలి తీసుకురమ్మని నన్ను పంపారు. జీడి నూనెకు ఆయన వేళ్ల చర్మం నల్లగా ఊడిపోయి ఉంది. నన్ను మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. బుల్లయ్య ఆదివారాలు వాళ్లింట్లోనే భోంచేస్తున్నాడని మౌలాబీ చెప్పింది. నేను వచ్చిన పని ఎత్తగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ ఆట ఊసెత్తితే నాకు డోకొస్తా ఉంది బాబూ. టీ తాగి వెళ్లండి," అన్నాడు.

నేను తిరిగొచ్చి, ఆయనకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆ ఎండాకాలం మా క్లబ్బువాళ్లు సిమెంటు పిచ్ వేయించుకున్నారు.