టార్పాలిన్ వెనక చక్రం

మేస్త్రి విదేశీ మిషను కొన్నాడట. సాయంత్రం అందులో రేకు పెట్టి బటను నొక్కి ఇంటికెళ్తే, పొద్దున్నకల్లా మడ్గార్డు తయారై ఉంటుందట. ఆ సందులో చాలాకాలం అందరూ చెప్పుకున్న మాట ఇది. టైర్ల కొట్టతను దానికి తన వంతు చేర్చాడు.

"సుత్తి పట్టుకోవడం నామోషీ అయిపోయింది మేస్త్రికి. మిషనుకి కాపలా పెట్టడానికి చెల్లెలు ఎటూ ఉందిగా. నూనె పోస్తుంది, దుమ్ము తుడుస్తుంది. అన్న ఇంట్లో కూర్చుని తింటున్నందుకు ఆ మాత్రం చెయ్యొద్దూ?"

మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. సొట్టలు తీసే ఆ షెడ్డులోంచి పొద్దుటినుంచి సాయంత్రం దాకా సుత్తి దెబ్బలు వినిపిస్తూనే ఉండేవి. అవి ఉన్నట్టుండి ఆగిపోయాయి. మేస్త్రి షెడ్డుకి అడ్డంగా ఒక పాత టార్పాలిన్ కట్టించాడు. బళ్లు ముందు సగంలో ఆగేవి. రేకులు టార్పాలిన్ వెనక్కి వెళ్లి, వంపు తిరిగి బయటికి వచ్చేవి. లోపలినుంచి తిరగలి తిరుగుతున్నట్టు సన్నటి గరగర తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు.

టార్పాలిన్ ఎందుకు కట్టాల్సి వచ్చిందో చెల్లెలికి తెలుసు. భర్త వేరే కాపురం పెట్టాక ఆమె అన్న ఇంటికి వచ్చి, షెడ్డు పక్క గదిలో ఉంటోంది. ఒకరోజు టీ తీసుకెళ్లినప్పుడు మేస్త్రి ఒక కారు తలుపు మీద పనిచేస్తున్నాడు. ఎడమచేత్తో రేకు వెనక ఇనప దిమ్మ ఆనించి, కుడిచేత్తో సుత్తి దించాడు. దెబ్బ దిమ్మ మీద పడలేదు. సొట్ట పక్కన ఇంకో సొట్ట పడింది. మళ్లీ కొట్టాడు. అదీ పక్కకే పోయింది. సుత్తి కింద పెట్టి, కుడిచెయ్యి తొడ కింద అదిమిపెట్టి కూర్చున్నాడు. ఆ చెయ్యి తొడ కింద కూడా కదులుతూనే ఉంది. ఆమె చూసింది. చూసిందని అతనికి తెలిసింది. అప్పటికే డాక్టరు చెప్పాడు, ఇది నరాల జబ్బు, మందులతో నెమ్మదిస్తుందే గాని వెనక్కి పోదని.

ఆ తర్వాత బస్సు బాడీలు కట్టే ఒక కార్ఖానా మూతపడి సామానంతా అమ్మేస్తున్నారంటే మేస్త్రి చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఓ మూల తుప్పుపట్టిన ఇనప చట్రం ఉంది, మనిషెత్తున, కొడవలిలా వంగి. దాని నోట్లో పైన ఒక పెద్ద చక్రం, కింద పొట్ట ఉబ్బిన చిన్న చక్రం, ఒకదాన్నొకటి తాకుతూ.

"తడిబట్టలు పిండుకోవచ్చు మేస్త్రీ, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు," అన్నాడు అక్కడి గుమస్తా.

మేస్త్రి నవ్వలేదు. పై చక్రం మీద చెయ్యి వేసి మెల్లగా తిప్పి చూశాడు. "మా గురువు దగ్గర ఇలాంటిది ఉండేది. నేర్చుకోరా అంటే, సుత్తి ఉండగా ఇదెందుకని నవ్వాను," అన్నాడు చెల్లెలితో. "దీనికి దెబ్బ అక్కర్లేదు. మెల్లగా తోయడం, లాగడం. అది నా చేతనవుతుంది."

దాన్ని కొని ఇంటికి తెచ్చాక వదిన గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంట్లో కంచాలన్నీ సొట్టలే. ఒక్కటి సరిచేసే తీరిక లేదు గాని, పాతిక మంది మోసే ఇనుము మాత్రం కొనుక్కొచ్చాడు మా ఆయన," అంది. ఆ తర్వాత తుప్పు గీకడానికి తనే ఇటుకముక్క తెచ్చి కూర్చుంది.

అది మేస్త్రికి చేతకాలేదు. రేకుని రెండు చక్రాల మధ్య పెట్టి ముందుకి తోస్తే, చేతుల వణుకంతా రేకులోకి దిగేది. గీత గీతకీ పాము పాకినట్టు వంకరలు. నాలుగైదు రేకులు పాడుచేశాక ఒక మధ్యాహ్నం పక్కకి జరిగి, "నువ్వు పట్టుకో," అన్నాడు.

"నాకేం తెలుసన్నయ్యా?"

"నాకు తెలుసుగా. నువ్వు పట్టుకో చాలు."

ఆమె మొదట చేసిన తప్పు బిగించడం. కింది చక్రాన్ని పైకి లేపే మర ఒకటి ఉంది. ఎంత బిగిస్తే అంత త్వరగా వంపు వస్తుందనుకుంది. రేకు మీద గాట్లు పడ్డాయి. "వదులు చెయ్యి. దాన్ని ఊపిరాడనీ," అన్నాడు మేస్త్రి. తోసిన దారినే మళ్లీ తోస్తే అక్కడొక్కచోటే రేకు సాగి, అంచులు ముడతలు పడేవి. ఒక దారి పక్కన ఇంకో దారి, దాని పక్కన ఇంకోటి, నేల అలికినట్టు పోవాలి.

"ఎంతసేపు తొయ్యాలి?"

"నన్నడిగితే ఏం చెప్తాను? చేతిని అడుగు. కంటికి కనపడేసరికి ఆలస్యమైపోతుంది. సాగిన రేకు మళ్లీ ముడుచుకోదు."

అతను వెనక నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చెప్పేవాడు. ఆమె పాత నూలుగుడ్డ అరచేతికీ రేకుకీ మధ్య పెట్టి నిమిరేది. అలా నిమిరితే ఎత్తుపల్లాలు ఇంకా బాగా తెలుస్తాయి. రేకు అంచులు వేళ్లని కోసేవి. రాత్రి అన్నం కలుపుకుంటే మండేది. వదిన చెంచా తెచ్చి కంచంలో పెట్టేది.

పాలవ్యాన్ల ఓనరు ఒక పాత వ్యాను తెచ్చి, తుప్పుపట్టి రాలిపోతున్న ముందు మడ్గార్డులు రెండూ కొత్తవి చెయ్యమన్నాడు. ఆమె ఎడమది చేసింది. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా కింద పెట్టాడు. అతను అలా ఊరుకున్నాడంటే బాగుందనే అర్థం. ఆ ధీమాలో ఆమె దాన్నే ఎదురుగా నిలబెట్టుకుని, చూస్తూ రెండోది చేసింది. ఆ రోజు మేస్త్రి ఆసుపత్రికి వెళ్లాడు. అతను తిరిగొచ్చేసరికి ఓనరు వచ్చి ఉన్నాడు, రెండోది బండికి ఆనించి చూస్తున్నాడు.

"ఏంటి మేస్త్రీ, చీకట్లో చెప్పులు తొడుక్కున్నట్టు రెండూ ఎడమవే చేశారు. నా బండికి కుడివైపు లేదనుకున్నారా?"

టార్పాలిన్ వెనకనుంచి ఆమె ఆ మాట వింది. కుడిదాని వంపు అద్దంలో చూసినట్టు తిరగబడాలి. అది ఆమెకి తట్టనే లేదు.

"నాదే పొరపాటు. నా చేత్తోనే చేశాను. మిషను కొత్త కదా, తికమకపడ్డాను. ఎల్లుండి రండి," అన్నాడు మేస్త్రి.

రాత్రి భోజనాల దగ్గర ఆమె అంది, "నేనే చేశానని చెప్పాల్సింది అన్నయ్యా."

"చెప్తే ఇంకెవడిస్తాడే మనకి పని? ఆడమనిషి చేసిన రేకు బండికి బిగించుకుంటాడా వాడు?"

వదిన కూర గిన్నె కాస్త గట్టిగానే కింద పెట్టింది. "బాగుంది. తప్పయితే ఈయన చేసినట్టు, ఒప్పయితే మిషను చేసినట్టు. ఇంతకీ నువ్వెక్కడున్నావమ్మా ఇందులో?"

ఆ తర్వాత పని బాగానే నడిచింది. ఆమె చేసిన రేకులు సుత్తి మచ్చ లేకుండా నున్నగా ఉండేవి. పైన గుంటలు పూడ్చే లప్పం పూయాల్సిన పనుండేది కాదు. చూసినవాళ్లంతా మిషనుని మెచ్చుకునేవారు. మేస్త్రి పంట్లాం జేబుల్లో చేతులు పెట్టుకుని ముందు సగంలో తిరిగేవాడు. జేబుల్లోంచి చెయ్యి తీసి నమస్కారమైనా పెట్టడని, మిషనొచ్చాక పొగరు తలకెక్కిందని సందులో అనుకునేవారు. ఆ మాటలు టార్పాలిన్ దాటి వచ్చి ఆమె చెవిన పడేవి. పడినా చెయ్యి ఆగేది కాదు. ఆగితే రేకు మీద గుర్తు మిగిలిపోతుంది.

జబ్బు కాళ్లలోకి దిగింది. తర్వాత మాటలోకి దిగింది. మేస్త్రి మంచం పట్టాడు. బళ్లు రావడం ఒక్కొక్కటిగా తగ్గి, ఆగిపోయింది. మేస్త్రి లేకపోతే మిషను ఎవరు నడుపుతారని మానేశారు. అదే సమయంలో పాలవ్యాన్ల ఓనరు బండి ఒకటి గుద్దుకుని, ముందు భాగమంతా కొత్తగా చెయ్యాల్సి వచ్చింది. మేస్త్రిని అడిగి పోదామని వస్తున్నాడని కబురు తెలిసింది.

"ఇప్పుడైనా చెప్పండి," అంది వదిన భర్త మొహం తుడుస్తూ. "మీరు చెప్పకపోతే ఈ పిల్ల చెయ్యి కూడా మీతోపాటే మంచమెక్కినట్టు. ఈ పనొకటి నిలబడితే మిగతావాళ్లూ వస్తారు."

మేస్త్రి తలాడించాడు. ఓనరు వచ్చి కుర్చీలో కూర్చున్నాక, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు. "ఇన్నాళ్లూ... చేసింది... నా చెల్లెలు. బండి... ఆమెకివ్వండి."

ఓనరు ఆమె వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. కళ్లు చెమ్మగిల్లాయి కూడా. "తోబుట్టువంటే అలా ఉండాలి మేస్త్రీ. కాని అప్పుడు రెండూ ఎడమవి చేసింది మీ చేత్తోనే అని మీరే అన్నారుగా. తప్పు మీదీ, మంచి పనంతా ఆవిడదీనా?"

మేస్త్రి పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"ఆ ఎడమవి రెండూ నేనే చేశానండీ," అంది ఆమె. పరాయివాళ్ల ముందు ఆమె గొంతు విప్పడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. "రండి, షెడ్డులో చేసి చూపిస్తాను."

"అన్న మాట నిలబెట్టడానికి నువ్వు, నిన్ను నిలబెట్టడానికి ఆయన. వద్దమ్మా, తెలియని మిషను మీద చెయ్యి పెట్టి వేళ్లు పోగొట్టుకోకు," అన్నాడు అతను లేస్తూ. వెళ్తూ వెళ్తూ మేస్త్రి దుప్పటి సర్దాడు. వ్యాను పక్క వీధి షెడ్డుకి వెళ్లింది.

మేస్త్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత అతను మాట్లాడడానికి ప్రయత్నించడమే మానేశాడు.

బటను ఎక్కడుందో మేస్త్రి సొంత చెల్లెలికి కూడా చెప్పలేదట అని సందులో ఇప్పుడు అనుకుంటున్నారు. ఆ రహస్యం అతనితోనే పోతుందని టైర్ల కొట్టతను బాధపడుతున్నాడు.

టార్పాలిన్ వెనక సగానికి మేస్త్రి ఏనాడూ కరెంటు వైరు లాగించలేదు. ఆమె కిటికీ వెలుగులో పని చేసేది.