యుద్ధ నియమాలు చెప్పిన మధ్యాహ్నం

నేను హైదరాబాదులో అంతర్జాతీయ న్యాయం, దేశ భద్రత పాఠాలు చెబుతాను. సరిహద్దులో ఉద్రిక్తత పెరిగిన ఆ వారం ఒక టీవీ చానల్ వాళ్లు పిలిస్తే వెళ్లి, ఏ దేశానికి ఏ హక్కు ఉందో ధీమాగా మాట్లాడి వచ్చాను. మర్నాడు మా ఊరు పెద్దేముల్ నుంచి చిన్నమ్మ ఫోను.

"టీవీల మస్తు చెప్పినవ్ బిడ్డా. మన పిల్ల యాడుందో గది చెప్పకపోతివి?"

చిన్నమ్మ కూతురు సరిహద్దు దళంలో జవాను. గొర్రెలు కాసే మా ఇళ్లలోంచి యూనిఫాం వేసుకున్న మొదటి ఆడపిల్ల. కొన్నాళ్లుగా ఆమె ఫోను కలవడం లేదు. నాకూ తెలియదు. వస్తున్నానని మాత్రం చెప్పాను. పొద్దున్నే రైలెక్కాను.

వికారాబాద్ దాటేసరికి మబ్బు కిందికి దిగింది. అనంతగిరి కొండలు ఉన్నాయో లేవో తెలియలేదు. పూతకొచ్చిన కందిచేలు పచ్చగా, పసుపుగా కిటికీలో తేలిపోతుంటే, ఇన్నేళ్లు నేను చదివిన ఒప్పందాలన్నీ ఎవరో నిద్రలో గొణిగిన మాటల్లా అనిపించాయి. తాండూరులో దిగితే నాపరాళ్ల దుమ్ము తెల్లగా లేస్తోంది. అక్కడి నుంచి షేర్ ఆటో.

చిన్నమ్మ ఫోను చేతిలో పట్టుకుని వాకిట్లో కూర్చుంది.

"పిల్ల సంగతి నాకు తెల్వదు చిన్నమ్మా," అన్నాను.

ఆమె కోప్పడలేదు. "మరి నీకేం తెలుసో గదే చెప్పు. జర మనిషి గొంతు ఇననియ్యి."

చెప్పాను. యుద్ధానికీ నియమాలున్నాయని. గాయపడినవాళ్లు ఏ పక్షంవాళ్లైనా వైద్యం చేయాలని, పట్టుబడినవాళ్లను హింసించకూడదని, వాళ్ల క్షేమం ఇంటికి తెలపాలని.

"ఆ దిక్కు తల్లులకు గూడ గిదే కానూనా?"

"గిదే."

"మంచిగుంది," అని నా ఒళ్లో తల పెట్టుకుంది. నా మాటల మధ్యలోనే కళ్లు మూతపడ్డాయి. నేను ఆపలేదు. క్లాసులో ఎప్పుడూ అంత మెల్లగా చెప్పలేదు.

ఎండ వాలేవేళ ఫోను మోగింది. చెల్లె! టవర్ లేని చోటికి పంపారట. చిన్నమ్మ "తిన్నవా?" అని అడిగి, జవాబు వినకుండానే ఏడ్చేసింది.

టీవీ వాళ్లు మళ్లీ పిలిచారు. రానన్నాను.

చెల్లె సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరం మందతో పాటు బీడుకు వెళ్లాం. గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని అంది: "అక్కా, కంచె అవతల గూడ గొర్లు కాస్తరు. పొద్దుగాల వాటి మెడల గంటలు ఇనొస్తయి. మనూర్లె ఉన్నట్టే అనిపిస్తది."

"అప్పుడేం జేస్తవ్?"

"ఏం జేస్త? డ్యూటీల నిలవడి ఆ గంటలు ఇంట."