చివరి పంక్తిలో బాపు పేరు

ప్రపంచంలోని ప్రింటర్లకు రోగం అంటించడానికి నాకు ఒక్క ఫోన్ కాల్ సరిపోయింది. కన్నతండ్రి పేరును కాగితం మీద లేకుండా చేయడానికి గంట పట్టింది. డైరీలో ఆ రోజు పేజీ మీద మాత్రం "ఎండ ఎక్కువ" అని రాసుకున్నాను. మిగతాది ఇప్పుడు చెబుతాను, నవ్వుకోండి.

తొంభైలలో కరీంనగర్‌లో మల్లేశం నడిపే కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. పాఠాలయ్యాక నా అసలు పని మొదలయ్యేది. దేశదేశాల వాళ్లు జీతం లేకుండా కలిసి రాస్తున్న ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్ది పంపవచ్చు. మా దగ్గర అది అచ్చులో ప్రతి పేజీ చివరి పంక్తిని మింగేసేది. వానకాలమంతా కుస్తీ పట్టి ఆ తప్పు దిద్దాను. పద్ధతి గల మనిషిని కదా! రోగం ఉన్న కంప్యూటర్‌ను ఎడమకు, నయమైనదాన్ని కుడికి పెట్టుకున్నాను.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజకు రెండింటినీ కిందికి దించి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, భక్తితో మళ్లీ బల్ల ఎక్కించాను. ఎక్కించింది నేనే. గుర్తుంచుకోండి.

పండగ తెల్లారి రెండింటినీ పోల్చి, రోగిని నయం చేసే తేడాను చిన్న ఫైలుగా తీశాను. కంప్యూటర్‌ను ఎస్.టి.డి. ఫోన్ లైన్ మీద హైదరాబాదుకు కలిపి, దాన్ని ప్రపంచానికి పంపేశాను.

"దునియ మొత్తానికి మన కరీంనగర్ నుంచి మందు పోయింది!" అని మల్లేశం ఊరంతా చాటాడు. అది చొప్పదండిలో ఎరువుల దుకాణం నడిపే మా బాపు చెవిన పడింది. మర్నాడే బస్సు దిగాడు.

"ఎంతిచ్చిన్రు?"

"ఎవలియ్యరు బాపూ. అందరు గట్లనే చేస్తరు."

"అంటె గా దేశాలల్ల గూడ నీ అసొంటోళ్లున్నరా?"

మల్లేశం అడ్డం వచ్చాడు. "పైసల ముచ్చట గాదు పటేలా, పేరు!"

"పేరా? అయితె నా పేరే అచ్చుగొట్టి చూపియ్యి. పడితె నీ ఇష్టమున్నన్ని దినాలు గీ పని చేసుకో. పడకపోతె సోమవారం నుంచి దుకాణంల కూసో."

నేను పెళ్లికొడుకులా కూర్చున్నాను. ఎడమ కంప్యూటర్‌కు నా మందు వేశాను. అది అరిగించుకోవడానికి గంట పట్టింది. బాపు రెండు చాయ్‌లు తాగాడు. పేజీ నిండా స్వాగత వాక్యాలు కొట్టి, గొప్ప కోసం బాపు పేరును సరిగ్గా చివరి పంక్తిలో పెట్టాను. ప్రింటర్ కీచుకీచుమంటూ కాగితం కక్కింది.

బాపు అద్దాలు సర్దుకొని చూశాడు. "నా పేరేది?"

"జర ఆగు బాపూ." కుడిదాంట్లో అచ్చు వేశాను. అందులోనూ లేదు.

మల్లేశం గొంతు తగ్గించాడు. "సార్, దసరకు దించినంక గివి అటుదిటు పెట్టినవా ఏంది?"

వంగి రెండింటినీ పరీక్షగా చూశాను. ఎడమది నయమైన యంత్రం. నేను తీసిన తేడా తిరగబడి మందే రోగమైంది, దాన్నే దీనికి ఎక్కించాను. ఇప్పుడు రెండూ రోగులే. దునియాకు పోయిందీ ఆ రోగమే.

విషయం చెప్పాను. బాపు అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను లేచి సంచి సర్దడం మొదలుపెట్టాను.

"ఏడికి?"

"దుకాణానికి."

"వద్దు బిడ్డా! యూరియా అడిగినోనికి గడ్డి మందిస్తవు. పంట మాడితె రైతులు నన్ను తంతరు. గీడ ఫికర్ లేదు, ఫుకట్ది గదా, ఎవడు తన్నడు. నువ్వు గీడనే ఉండు."

అలా దొరికింది నాకు ఈ వృత్తి. రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను. ఆ సాయంత్రమే తేడాను తిరగేసి సరైన ఫైలూ క్షమాపణా పంపుకున్నాననుకోండి.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: రోగి ఎవరో, ఆరోగ్యవంతుడెవరో రెండుసార్లు చూసుకోకుండా ఇక ఎవరికీ ఏదీ ఉచితంగా పంపను. డబ్బు తీసుకొని పంపే విషయంలో ఏ ప్రతిజ్ఞా చేయలేదు. ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.