ఆకులు అయిపోయాక కూడా ఎరుపే

మా నడకలో మూడో రోజు పొద్దున మావారి కిళ్లీకి తెచ్చిన తమలపాకులు అయిపోయాయి. తడిగుడ్డలో చుట్టి తెచ్చింది నేనే, కుళ్లిన చివరి రెండూ పారేసింది నేనే. అందుకే అంత బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం కొండ సముద్రంలోకి దిగినచోట, బండల మీద చేతులు ఆనించి పాకుతూ దాటాక, మావారు పక్కకు తిరిగి ఉమ్మారు. ఉప్పు పేరుకున్న తెల్లని బండ మీద అది ఎర్రగా పడింది. అల వచ్చి కడిగేసింది.

“ఏమిటండీ అది?” అన్నాను.

“పంటిచిగురు పగిలింది. మీ కోదాడోళ్లకు అన్నిటికీ భయమే,” అని నవ్వారు.

నేను నమ్మాను. నమ్మాలనుకున్నాను అంటేనే నిజం.

మావారు సూర్యాపేటలో బడిపంతులు. నల్లబల్ల మీద తీరరేఖ చూడకుండా గీస్తారుగాని సముద్రం ఎన్నడూ చూడలేదు. నేను కాలేజీ చదువుకు కోస్తా వైపు వెళ్లినప్పుడు చూశాను. పోలీసు చర్య అయి గడబిడలు చల్లారి, కోదాడ మీదుగా బెజవాడ బస్సులు మళ్లీ నడిచిన ఆ శీతాకాలం, భీమునిపట్నం నుంచి కళింగపట్నం దాకా ఒడ్డెంబడి నడుద్దాం అన్నారు. ఐదు రోజుల నడక. రెండేళ్ల మా పద్మను మిర్యాలగూడలో అత్తమ్మ దగ్గర వదిలాం.

“రైలుండంగ నడుసుడేంది బిడ్డా? మొక్కున్నదా ఏమన్న?” అంది అత్తమ్మ.

“మొక్కేం లేదత్తమ్మా. సముద్రం చూడ్డానికి.”

“సూసుడైతే ఒక్కకాడ కూసోని సూడరాదు?”

యుద్ధం అయిపోయాక అమ్మకానికి వచ్చిన మిలిటరీ సంచులు రెండు కొన్నాం. దుప్పట్లు, బియ్యం, గిన్నె ఆయన సంచిలో. బట్టలు, అటుకులు నా సంచిలో. బరువు తగ్గుతుందని ఒకటే పళ్లెం, ఒకటే గ్లాసు. మొదటి రెండు రోజులంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను. నాలుగో రోజు సాయంత్రం ఆయనకు జ్వరం వచ్చింది. ఎండ దెబ్బ అన్నారు. మర్నాడు ఏటిమొగ దగ్గర పడవ ఎక్కేటప్పుడు, రెండు సంచులూ నేనే మోస్తున్నాను, వీపున ఒకటి, కడుపు మీద ఒకటి. పడవ నడిపే ముసలాయన మావారిని చూసి, “ఈ బాబుకి నడక వద్దమ్మా, పడుకోబెట్టండి,” అన్నాడు.

మా ఇంట్లో ఒక మురిపెం ఉండేది. భోజనమయ్యాక మావారు కిళ్లీ నములుతుంటే పద్మ ఒళ్లోకెక్కి నోరు తెరిచేది. నమిలిన ఆకు చిటికెడు తీసి దాని నాలుక మీద పెట్టేవారు. మా దగ్గరికి వచ్చినప్పుడల్లా అత్తమ్మ ఆ పండిన నోరు చూసి మురిసిపోయేది. నేనూ మురిశాను.

మేము మిర్యాలగూడ తిరిగొచ్చిన రోజు కూడా పద్మ పరుగెత్తుకొచ్చింది. “నాయినా, ఎర్ర పెట్టు,” అని నోరు తెరిచింది. నాకు ఆ బండ గుర్తొచ్చింది. అడ్డుపెట్టడానికి చెయ్యి ఎత్తాను. అత్తమ్మ నా వైపే చూస్తోంది. తండ్రి ఎంగిలి బిడ్డకు పనికిరాదని ఏ నోటితో అనను? చెయ్యి దించేశాను. ఆ తర్వాత సూర్యాపేటలో రెండు నెలలు, రోజూ అంతే.

ఫాల్గుణంలో ఒకరోజు బడిలో పాఠం చెబుతూ దోసెడు రక్తం కక్కుకున్నారు. సూర్యాపేట దవాఖానలో చూసి హైదరాబాదు పంపారు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు. “ఎడమ అప్పర్ లోబ్‌ల కేవిటీ ఉన్నదమ్మా, ఊపిరితిత్తి పైభాగంల బొక్క. స్పుటమ్ పాజిటివ్, కఫంల క్షయ క్రిములున్నయ్. ఎన్నాళ్ల సంది రక్తం పడుతున్నది?”

నేను లేదనబోయాను. మావారు తల దించుకునే చెప్పారు: “పోయిన వానకాలం సంది.”

అప్పటి నుంచే కిళ్లీలు ఎక్కువయ్యాయి. ఎరుపులో ఎరుపు కలిసిపోతుందని. సముద్రపు గాలికి ఊపిరితిత్తిలో పుండు ఆరుతుందని ఎవరో చెప్పారట. ఐదు రోజుల నడక అందుకే.

“నాకు చెప్పొచ్చు కదండీ.”

“చెప్తే నడవనిస్తుంటివా?”

గుట్ట మీది క్షయ శానిటోరియంలో చేర్చుకున్నారు. ఏ.పి. అనే చికిత్స మొదలుపెట్టారు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కిస్తే ఊపిరితిత్తి ముడుచుకుని విశ్రాంతి తీసుకుంటుందట. వారం వారం రీఫిల్, అంటే మళ్లీ గాలి. మూడో నెలలో ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి మళ్లీ జ్వరం. స్ట్రెప్టోమైసిన్ అనే మందు గురించి అడిగాను. “పేరు నేను గూడ విన్న. మందు దొరకాలె గదా,” అన్నాడు డాక్టరు. మావారు మంచంలో నీడలా అయిపోయారు. తర్వాత ఎందుకో నిలదొక్కుకున్నారు. ఎనిమిదో నెలలో స్పుటమ్ నెగటివ్ వచ్చింది. ఆ కాగితం పట్టుకుని నేను కోదాడలో మా అమ్మ ఇంటికి వచ్చాను. అప్పటికి పద్మను అక్కడికి మార్చాం.

పద్మ వాకిట్లో చింతగింజలతో ఆడుతోంది. గింజ కిందపడితే నడుం వంచలేదు. వీపు నిటారుగా పెట్టి, మోకాళ్లు ముడిచి, గొంతుక్కూర్చుని తీసుకుంది. “నెల నుంచి అంతేనమ్మా, అదో ఆట దానికి,” అంది అమ్మ. నా చేతిలో కాగితం అలాగే ఉంది.

మర్నాడే హైదరాబాదు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు తాళంచెవి కింద పడేసి తెమ్మన్నాడు. పద్మ అలాగే కూర్చుని తీసి ఇచ్చింది. ఆయన దాని వీపు మీద వేలు పైనుంచి కిందికి జరిపి ఒకచోట ఆపాడు. “స్పైన్ టి.బి. అమ్మా, ఎన్నుపూసకు పట్టిన క్షయ. ప్లాస్టర్ బెడ్‌ల ఏడాది పండుకోబెట్టాలె. ఇంకా ఎక్కువే పట్టొచ్చు.”

“ఆ కిళ్లీ వల్లేనా?”

“ఒక్క ఇంట్ల ఉండి దగ్గినా చాలు. ఎట్ల అంటిందో నేను చెప్పలేను. నువ్వు గూడ చెప్పలేవు.”

“నడుస్తుందా?”

“కాళ్లల్ల బలం ఉన్నది. అది పోకుండ చూద్దాం. మాట మాత్రం ఇయ్యను.”

ఇది జరిగి నాలుగు నెలలు. పద్మ తన ఒంటి కొలతకు పోసిన ప్లాస్టర్ తొట్టిలో వెల్లకిలా పడుకుని ఉంటుంది. మావారు కూడా కోదాడకే వచ్చారు. వీధి చివరిదాకా నడవగలరు. నెగటివ్ అని ఎంత చెప్పినా గడప దాటి లోపలికి రారు. అక్కడే కూర్చుని దానికి ఆ ఐదు రోజుల కథ చెబుతారు.

“బండల మీద నేను గూడ నడుస్త నాయినా,” అంటుంది.

“నడుస్తవ్ బిడ్డా,” అంటారు, నా వైపు చూడకుండా.

కాళ్లలో బలం తెలియడానికి, డాక్టరు చెప్పినట్టు, రోజూ పొద్దున చీపురుపుల్లతో దాని అరికాళ్లు గీస్తాను. పోయిన వారం దాకా రెండూ ముడుచుకునేవి. ఇప్పుడు ఎడమది కదలడం లేదు. డాక్టరుకు కబురు పెట్టాను. ఆయన ఏమంటాడో నాకు తెలుసు.

ఇది పద్మ కోసం రాయడం లేదు. దానికి ఆలస్యమైంది. మీ ఇంట్లో దగ్గుతూ కిళ్లీ నమిలేవాళ్లుంటే, ఒకరోజు ఆకు మాన్పించండి. నీళ్లతో బాగా పుక్కిలింపజేసి తెల్లగుడ్డ మీద ఉమ్మించండి. ఎరుపు కనిపిస్తే ఆ రోజే ఎక్స్‌రేకు తీసుకెళ్లండి. కనిపించకపోయినా, దగ్గు తగ్గేదాకా వాళ్ల ఎంగిలి పిల్లల నోట పెట్టనివ్వకండి. అత్తగారు చూస్తున్నా సరే, ఎత్తిన చెయ్యి దించకండి.